కడుపు నిండినా ఆకలి తీరడం లేదు

పేరు రాయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 39 ఏళ్ళు. ఖమ్మం జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 79 కిలోలు. పెళ్ళినాటికి 54 కిలోలు ఉండేవారు. ఇద్దరు పిల్లలు పుట్టాక 70 దాటారు. మూడేళ్ళ కిందట తమ్ముడి పెళ్ళి దగ్గర పడుతోందని అన్నం పూర్తిగా మానేసి, రెండు ఉడికించిన గుడ్లు, కీరదోస ముక్కలు, మజ్జిగతో ఐదు నెలలు గడిపి 76 నుంచి 64 కిలోలకు దిగారు. పెళ్ళిలో అందరూ మెచ్చుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి పోయిన 12 కిలోలూ తిరిగొచ్చాయి, వాటితో పాటు మరో మూడు.

ఆమె రోజు ఉదయం ఐదింటికి మొదలవుతుంది. ఏడింటికి నిలబడే రెండు ఇడ్లీలు తింటారు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, ఏదో ఒక వేపుడు, నాలుగింటికి టీతో బిస్కెట్లు. రాత్రి అత్తగారికి, భర్తకు, పిల్లలకు వడ్డించాక మిగిలినదేదో తింటారు. ఆ తర్వాత జరిగేదాన్ని ఆమె మాటల్లోనే చెబుతాను: "పదిన్నరకు గిన్నెలు సర్దుతూ కుక్కర్ అడుగున అంటుకున్న అన్నం గీకి, ఆవకాయ కలుపుకుని అక్కడే నిలబడి తింటాను. పదో ముద్దకు కూడా తిన్నట్టుండదు. పొద్దున లేస్తే నా మీద నాకే అసహ్యం." పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది.

ఇటీవలి పరీక్షల్లో పరగడుపు షుగర్ 112, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చాయి. థైరాయిడ్ బాగానే ఉంది. తండ్రికి షుగర్ వల్ల కాలి వేలు తీసేశారు, ఆ భయం ఆమెను వదలడం లేదు. మెడ వెనక నల్లటి పట్టీలా ఏర్పడితే పుస్తెలతాడు రాపిడి అనుకుని శనగపిండి, నిమ్మరసంతో రుద్దుతున్నారు. అత్తగారు "నోరు కట్టుకుంటే అన్నీ అవే తగ్గుతాయి" అంటున్నారు. భర్త తన ఆఫీసులో ఒకరు వారానికో ఇంజెక్షన్ తీసుకుని 14 కిలోలు తగ్గారని, అదే వేయించుకోమంటున్నారు. ఊళ్ళో బరువు తగ్గించే కేంద్రం ఒకటి "మీకు లెప్టిన్ నిరోధకత ఉంది, రక్తపరీక్ష చేసి, నెలకు ఆరువేల రూపాయల పొడితో సరిచేస్తాం" అంటోంది. ఆమె అడిగేది ఇది: "నాకు నోరు కట్టుకోవడం చేతకాదా, లేక నా హార్మోన్లే మొరాయిస్తున్నాయా? ఈ మూడింటిలో ఏది వినమంటారు?"

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే మిగిలినవన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఐదు నెలల పాటు, ఇంటిల్లిపాదికీ అన్నం వండి వడ్డిస్తూ తాను మాత్రం కీరదోస ముక్కలతో సరిపెట్టుకున్న మనిషికి నోరు కట్టుకోవడం చేతకాదని నేను ఒప్పుకోను. మీకు చేతనైనంత మీరు చేశారు. మీ శరీరం దానికి బదులు చెప్పింది. ఆ బదులు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే తర్వాతి అడుగు ఎటు వేయాలో మీరే ఆలోచించుకోగలుగుతారు.

ఆకలి కడుపులో పుట్టినట్టే అనిపిస్తుంది గాని, దాని లెక్కలు తేల్చేది మెదడు అడుగుభాగాన ఉండే హైపోథాలమస్ అనే చిన్న ప్రాంతం. ఒంట్లో కొవ్వు ఎంత నిలవ ఉందో దానికి చెప్పే ముఖ్యమైన హార్మోను లెప్టిన్. దాన్ని తయారుచేసేవి కొవ్వు కణాలే. కొవ్వు పెరిగితే లెప్టిన్ పెరుగుతుంది, మెదడు ఆకలిని తగ్గించాలి. కొవ్వు తగ్గితే లెప్టిన్ పడిపోతుంది, మెదడు ఆకలిని పెంచి, ఒంటి ఖర్చును తగ్గిస్తుంది. ఈ సంగతి బయటపడిన తీరు మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉంటుంది కనుక కాస్త చెబుతాను.

అమెరికాలో బార్ హార్బర్ అనే ఊళ్ళోని జాక్సన్ ల్యాబొరేటరీలో 1949లో విపరీతంగా తిని లావయ్యే ఎలుకలు పుట్టాయి. తర్వాతి కాలంలో అక్కడే అలాంటివే మరో రకం కనిపించాయి. డగ్లస్ కోల్‌మన్ అనే శాస్త్రవేత్త ఒక్కోదాన్ని మామూలు ఎలుకతో జతచేసి, ఒకదాని రక్తం రెండోదానిలోకి పారేలా కుట్టారు. మొదటి రకం లావు ఎలుక తిండి తగ్గించి సన్నబడింది. రెండో రకం మాత్రం లావుగానే ఉండిపోయింది, దానికి జతచేసిన మామూలు ఎలుక తిండి మానేసి చనిపోయింది. అంటే మొదటి ఎలుకలో ఆకలిని ఆపే పదార్థం లేదు. రెండోదానిలో అది కావలసినదానికన్నా ఎక్కువే ఉంది, కానీ ఆ ఎలుక మెదడుకు మాత్రం అది వినిపించడం లేదు. ఆ పదార్థం ఏమిటో 1994లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుక్కుని, సన్నని అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి లెప్టిన్ అని పేరు పెట్టింది.

మనుషుల్లో మొదటి రకం చాలా అరుదు. 1997లో ఇంగ్లండులో పాకిస్తానీ మూలాలున్న ఒక కుటుంబంలోని ఇద్దరు పిల్లల్లో దాన్ని గుర్తించారు. ఎనిమిదేళ్ళ పాప 86 కిలోలు, రెండేళ్ళ బాబు 29 కిలోలు ఉన్నారు. లెప్టిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక ఆ పాప ఆకలి అణగి, బరువు దిగింది. దగ్గరి చుట్టరికంలో జరిగిన పెళ్ళిళ్ళ వల్ల వచ్చిన లోపమది. మేనరికాలు మన వైపూ ఉన్నాయి కనుక, పుట్టిన కొద్ది నెలలకే తీరని ఆకలితో విపరీతంగా లావయ్యే పసిపిల్లలు ఏ ఇంట్లో ఉన్నా జన్యుపరీక్ష చేయించాలని ఇది చదివే వారందరికీ మనవి చేస్తున్నాను. మీది ఆ కోవ కాదు. పెళ్ళినాటికి మీరు 54 కిలోలే.

పెద్దవయసులో లావైన వారిలో దాదాపు అందరికీ లెప్టిన్ తక్కువగా కాక ఎక్కువగానే ఉంటుంది. రోజూ గట్టిగా అరిచే మనిషి మాట ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కనట్టు, మెదడు ఆ సందేశానికి మునుపటిలా స్పందించడం మానేస్తుంది. రక్తం నుంచి మెదడులోకి హార్మోను చేరడమే మందగిస్తుంది, చేరినదానికి కణాల స్పందనా తగ్గుతుంది. దీన్నే లెప్టిన్ నిరోధకత అంటున్నారు. కనుక ఆ కేంద్రంవారు చెప్పిన మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆ నిజంతో వారు అమ్ముతున్నది వేరు. లెప్టిన్ పరీక్ష చేస్తే ఎక్కువే వస్తుంది, అది చెప్పడానికి మీ బరువే చాలు, పరీక్ష వల్ల చికిత్సలో మారేది ఏమీ ఉండదు. ఇక పొడి సంగతి. లెప్టిన్ ఒక ప్రోటీను, నోటితో తీసుకుంటే పప్పులోని ప్రోటీను అరిగినట్టే అరిగిపోతుంది. సాధారణ స్థూలకాయం ఉన్నవారికి నేరుగా లెప్టిన్ ఇంజెక్షన్లే ఇచ్చి చూశారు, ఆ ఫలితాలు 1999లో వచ్చాయి, ఆశించిన మేలు జరగలేదు. ఇంజెక్షన్‌తో కానిది పొడితో అవుతుందని చెప్పేవారికి నెలకు ఆరువేలు ఇవ్వకండి. మీకు వచ్చిన మూడు సలహాల్లో నేను పూర్తిగా వద్దనేది ఇదొక్కటే.

మీ మెడ నలుపు గురించి వేరుగా చెప్పాలి. అది మురికీ కాదు, పుస్తెలతాడు రాపిడీ కాకపోవచ్చు. మందంగా, మఖమల్ గుడ్డలా తగిలే ఆ నలుపు ఇన్సులిన్ నిరోధకతకు చర్మం మీద కనిపించే గుర్తు కావచ్చు, చంకల్లో కూడా ఉందేమో చూసుకోండి. శనగపిండితో రుద్దడం ఇవాళే ఆపేయండి, చర్మం ఒరుసుకుపోవడం తప్ప ప్రయోజనం లేదు. కండరాలు, కాలేయం ఇన్సులిన్‌కు సరిగా స్పందించనప్పుడు క్లోమం మరింత ఇన్సులిన్ పోసి చక్కెరను అదుపులో ఉంచాలని చూస్తుంది. ఆ శ్రమ చాలకపోవడం మొదలైందని మీ 112, 6.1 అంకెలు చెబుతున్నాయి. పరగడుపున 100 నుంచి 125 దాకా, హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు. మీ నాన్నగారి స్థితికి మీరు ఇంకా చేరలేదు, చేరకుండా ఆగడానికి వ్యవధి ఉంది. ఇన్సులిన్ కూడా లెప్టిన్‌లాగే మెదడుకు ఇక చాలని చెప్పే హార్మోనే. ఆ మాటా అక్కడ సరిగా వినిపించకపోతే మీ పదో ముద్ద ఎందుకు తృప్తినివ్వలేదో కొంత అర్థమవుతుంది.

ఇక 64 కిలోల దగ్గర ఏం జరిగిందో చూద్దాం. లెప్టిన్ పెరిగినప్పుడు పట్టించుకోని మెదడు, అది పడిపోయినప్పుడు మాత్రం వెంటనే ఉలిక్కిపడుతుంది. కరువులు దాటి వచ్చిన శరీరానికి ఆ భయం సహజమే. మెల్‌బోర్న్ పరిశోధకులు 50 మందిని పది వారాల కఠిన ఆహారంలో పెట్టి 2011లో ఫలితాలు ప్రకటించారు. వారు సగటున 13 కిలోలకు పైగా, అంటే ఇంచుమించు మీరు తగ్గినంతే తగ్గారు. ఏడాది గడిచాక కూడా వారిలో లెప్టిన్ తక్కువగానూ, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగానూ ఉన్నాయి, ఆకలీ ముందుకన్నా ఎక్కువగానే ఉంది. తమ్ముడి పెళ్ళి అయిపోయాక మీరు పోరాడినది ఆ ఆకలితో. ఈ సంగతి మీకు ఎవరూ ముందుగా చెప్పలేదు, చెప్పి ఉండవలసింది.

మరి ఇప్పుడు ఏం చేయవచ్చు? మళ్ళీ అదే కఠిన ఆహారం ఒక దారి. బరువు దిగుతుంది, అందులో సందేహం లేదు. కానీ దిగిన తర్వాతి రెండేళ్ళకు మీ దగ్గర ఏర్పాటు లేకపోతే పోయినసారి కథే మళ్ళీ నడుస్తుంది. పైగా అలా దిగేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు ఎక్కువగా కొవ్వే వస్తుంది. మీ స్థానంలో నేనుంటే ఆ దారికి వెళ్ళను.

రెండోది, బరువు అంకెను కాస్త పక్కన పెట్టి షుగర్‌ను లక్ష్యంగా పెట్టుకోవడం. ఇది చిన్న లక్ష్యంలా కనిపిస్తుంది గాని దీనికి మన దేశంలోనే గట్టి ఆధారం ఉంది. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం షుగర్ ముందు దశలో ఉన్న 531 మందిని మూడేళ్ళు గమనించి 2006లో ఫలితాలు వెల్లడించింది. ఆహారం, నడక మార్చుకున్నవారిలో షుగర్ వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది, షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారిలో 26.4 శాతం. ఇందులో నాకు ముఖ్యంగా తోచేదేమిటంటే, ఆ మార్పులు చేసుకున్నవారి బరువు చెప్పుకోదగినంత తగ్గలేదు, అయినా మేలు జరిగింది. బరువు తూచే యంత్రం కదలని నెలల్లో ఈ సంగతి గుర్తు చేసుకోండి.

ఈ దారిలో మీ రోజు ఎక్కడ మారాలో మీ ఉత్తరమే చెబుతోంది. పగలంతా మీరు తిన్నదాంట్లో ఇడ్లీలోని కాస్త మినపప్పు తప్ప పప్పు లేదు, గుడ్డు లేదు, పెరుగు లేదు, కూర కూడా నామమాత్రం. ఇడ్లీ, అన్నం, బిస్కెట్ మూడూ త్వరగా అరిగి త్వరగా ఆకలి పుట్టించేవే. రాత్రి పదిన్నరకు మీరు ఆ గిన్నె ముందు నిలబడేసరికి, నిజానికి రోజంతా సరిగా తినని మనిషిగా నిలబడుతున్నారు. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 క్యాలరీల భోజనంలో బియ్యం, గోధుమ, రవ్వ, అటుకులు వంటివన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలని చెప్పింది. మీకు క్యాలరీలు కొంత తక్కువే కావచ్చు, కానీ పాళ్ళు చూడండి. కూరగాయలు తిండిగింజలకన్నా ఎక్కువ. మన ఇళ్ళలో కంచం దీనికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. అన్నం మానమని నేను అనడం లేదు. మానితే ఏమైందో చూశారు. ఉదయం ఇడ్లీ బదులు పెసరట్టు, డబ్బాలో వేపుడు బదులు ముద్దపప్పూ కూరా పెరుగూ ఎక్కువగా పెట్టుకుని అన్నం తగ్గించడం, నాలుగింటికి బిస్కెట్ల చోట గుప్పెడు శనగల గుగ్గిళ్ళు, ఇంతే. వడ్డనకు ముందు కాకపోయినా అందరితో పాటు ఎనిమిదిన్నరకు మీ కంచం కూడా పెట్టుకోండి. మిగిలినది తినడం భోజనం కాదు.

నిద్ర విషయాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఐదున్నర గంటలు మీకు చాలవు. షికాగో విశ్వవిద్యాలయంలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగు గంటలే పడుకోనిచ్చి పరీక్షిస్తే, పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వారికి ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండిపదార్థాల మీదకు మనసు పోయింది. చిన్న అధ్యయనమే గాని, ఆవకాయ కలిపిన మీ అన్నం ముద్ద దీనికి ఎంత దగ్గరగా ఉందో మీరే చూడండి. పదిన్నరకు గిన్నెలు తోమే పని మీ భర్తదో, పెద్ద పిల్లలదో అయితే మీకు గంట నిద్ర దక్కుతుంది, కుక్కర్ అడుగు గీకే సందర్భమూ తప్పుతుంది. వారికి ఇది సాయమని కాక వైద్యంలో భాగమని చెప్పండి. గురక పెడతారేమో, నిద్రలో ఊపిరి ఆగినట్టు అవుతోందేమో వారినే అడగండి. అలా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. ఈ దారి నెమ్మది. ఏడాదికి నాలుగైదు కిలోలు దిగితే చాలా బాగా జరిగినట్టు. అత్తగారు గమనించకపోవచ్చు, మీ రక్తపరీక్ష గమనిస్తుంది.

మూడోది మీ భర్త చెప్పిన ఇంజెక్షన్. దాన్ని తప్పుగా గాని, ఓటమిగా గాని చూడకండి. మనం భోజనం చేశాక పేగు నుంచి వచ్చే తృప్తి సంకేతాలను సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ వంటి ఇంజెక్షన్లు అనుకరిస్తాయి. మెదడుకు లెప్టిన్ మాట వినిపించని చోట ఇవి వేరే దారిలో వెళ్ళి ఇక చాలని చెబుతాయి. సెమాగ్లుటైడ్ పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది, మీ విషయంలో అది దాదాపు 12 కిలోలు. అదే మందు ఆపేసిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. అందుచేత ఆరు నెలలు వాడి ఆపేద్దామనుకుంటే మొదలుపెట్టకపోవడమే మేలు. ఏళ్ళ తరబడి ఇంటి బడ్జెట్ భరించగలదా అన్నది మీరిద్దరూ కూర్చుని లెక్కవేయవలసిన విషయం. వికారం, వాంతులు, మలబద్ధకం చాలామందికి వస్తాయి. పిత్తాశయంలో రాళ్ళు, క్లోమం వాపు తక్కువమందికే వచ్చినా ప్రమాదకరం. కుటుంబంలో మెడుల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవారికి ఈ మందు ఇవ్వకూడదు. మరో బిడ్డ ఆలోచన ఉంటే ముందే డాక్టరుకు చెప్పాలి. ఆకలి చచ్చిపోయిందని తిండి మానేస్తే కండ కరుగుతుంది, కనుక పప్పు, గుడ్డు, వ్యాయామం అప్పుడు ఇంకా ముఖ్యం. ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే మీ బీఎంఐ 32, షుగర్ ముందు దశలో ఉన్నారు కనుక హార్మోన్ల వైద్యుడు, అంటే ఎండోక్రైనాలజిస్టు, ఈ మందును పరిశీలించడానికి తగినంత కారణం ఉంది. కానీ ఆ నిర్ణయం ఆఫీసులో ఒకరి 14 కిలోలను చూసి కాక, మీ పరీక్షలు చూసి జరగాలి. రెండో దారి ఆరు నెలలు నడిచి, అంకెలు చూసి, అప్పుడు దీని గురించి మాట్లాడటం కూడా ఒక పద్ధతే. మెట్‌ఫార్మిన్ అవసరమా అన్నదీ ఆయన్నే అడగండి. బరువు తగ్గించే ఆపరేషన్ ప్రస్తావన మీ స్థితికి ఇప్పుడు అవసరం లేదు.

ఒక్క విషయంలో మీరు దాచుకోకుండా ఉండాలి. ఆ రాత్రి తిండి వారంలో చాలాసార్లు ఆపుకోలేనంతగా జరుగుతూ, ఎవరూ చూడకూడదన్న తపన, తర్వాత అసహ్యం వెంటాడుతుంటే, అది మానసిక వైద్యులు గుర్తించి నయం చేయగల సమస్య కావచ్చు. ఆ మాట డాక్టరు ముందు అనడానికి సిగ్గుపడకండి. ఉత్తరంలో ఇంత నిజాయితీగా రాయగలిగారు, ఆ పేరానే తీసుకెళ్ళి చూపించవచ్చు.

అత్తగారితో వాదన పెట్టుకోమని నేను చెప్పను. ఆవిడ కాలంలో తిండి చాలకపోవడమే కష్టం, ఎక్కువ తినడం ఒక చపలత్వం. మీ మీద ప్రేమ లేక అన్న మాట కాదని మీరే రాశారు. ఒకరోజు మెడ వెనక ఆ నలుపు చూపించి, "ఇది షుగర్‌కు ముందొచ్చే గుర్తట అత్తయ్యా, నాన్నకు వచ్చినట్టు నాకు రాకుండా చూసుకోవాలి, రాత్రి కూర కాస్త ఎక్కువ వండుదాం" అని అడిగి చూడండి. నోరు కట్టుకోమన్న మనిషే కూరగాయలు తరిగి పెడతారని నాకు నమ్మకం.

ఈ నెలలోనే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు రక్తపరీక్షల కాగితాలు, మీ నడుము కొలత, వారం రోజులు ఏ వేళకు ఏం తిన్నారో రాసుకున్న చీటీ, నెలసరి సక్రమంగా వస్తోందో లేదో, వాడే మందులేవైనా ఉంటే వాటి పేర్లు తీసుకెళ్ళండి. మన దేశపు ఆడవారికి నడుము 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని అంటారు. మూడు నెలలకు హెచ్‌బీఏ1సీ మళ్ళీ చేయించుకోండి. అప్పుడు నాకు ఉత్తరం రాస్తే ఆ అంకెతో పాటు, రాత్రి పదిన్నరకు మీ వంటింట్లో లైటు ఎవరు ఆర్పుతున్నారో కూడా రాయండి.